ఖాళీగా నిలబడ్డ క్రేనుకి కిస్తీ ఎవరు కట్టాలి? సుంకి ఘాట్ బ్రేక్‌డౌన్ సర్వీసు కేసు

ఒడిశాలో కొరాపుట్, రాయగడ వైపు చిన్న గ్యారేజీలకీ లారీ ఓనర్లకీ లోన్ కాగితాలు, లెక్కలు చూసిపెట్టడం ఇప్పుడు నా పని. అంతకుముందు లారీ వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చాలా ఏళ్లు చేశాను కాబట్టి బండి కింద సంగతులు కూడా కొంత తెలుసు.

ఘాట్‌లో ఆగిపోయిన లారీలకి సాయం చేసే సర్వీసు పెట్టుకున్న ఒక క్లయింటు కేసు ఇది, రాయడానికి కారణం ఒకటే. రోడ్డు మీద ఆగిపోయిన బండికి సాయం అనగానే అందరూ ముందు క్రేన్ గురించి మాట్లాడతారు, కుర్రాళ్లయితే యాప్ గురించి. డబ్బు ఎవరి దగ్గర్నుంచి, ఏ నెల ఎంత రావాలి అన్నది అన్నీ కొనేశాక గుర్తొస్తుంది. ఇక్కడ ఆ వరస తిరగేసి చూశాం. క్లయింటు వివరాలు మార్చాను, అంకెలు కొన్ని గుండ్రం చేశాను. దారి మాత్రం మార్చలేదు, ఈ దారి కాకపోతే ఇందులో చాలా నిర్ణయాలకి అర్థమే ఉండదు.

దారి, మనిషి

విజయనగరం పక్కన నాతవలస దగ్గర మొదలై సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి, ఒడిశా వైపు సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, కొరాపుట్, నవరంగపూర్ దాటి బరగఢ్ దాకా పోయే 26వ నంబరు జాతీయ రహదారి ఇది. పాత డ్రైవర్ల నోట్లో ఇంకా 43 నంబరే. కింద సాలూరు అంటేనే లారీలు, లారీ బాడీలు, మెకానిక్ షెడ్లు. ఛత్తీస్‌గఢ్ బియ్యం కిందికి దిగుతాయి, విశాఖ పోర్టు సరుకు పైకి ఎక్కుతుంది. మధ్యలో ఘాట్, మలుపులు, వానాకాలం పొగమంచు. కొన్ని చోట్ల ఫోన్‌లో ఒక్క గీత కూడా ఉండదు.

క్లయింటుని ఇక్కడ మేస్త్రి అంటాను. తెలుగు కుటుంబం, రెండు తరాలుగా ఒడిశా వైపే ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రాయ్‌పూర్ డ్రైవర్లతో హిందీ. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు, చెల్లెలి కొడుకు ఒకడు డిప్లొమా చదివి ఖాళీగా ఉన్నాడు. మేస్త్రికి చేతి పని అద్భుతంగా వచ్చు. చప్పుడు విని క్రౌన్ గేరు పోయిందా, బేరింగ్ పోయిందా చెప్పేస్తాడు. రాతకోతలు మాత్రం సున్నా.

ఏం అడిగాడు

క్రేన్ లోన్ కావాలన్నాడు. "గురువుగారూ, ఘాట్‌లో ఒక్క బోల్తా బండి లేపితే నెల గడిచిపోద్ది. ఆ డబ్బంతా బయటోళ్లు పట్టుకుపోతన్నారు" అని.

మాట అబద్ధం కాదు. అర్ధరాత్రి వానలో, మలుపు మీద, లోడు బండితో ఒంటరిగా ఉన్న డ్రైవరు బేరం ఆడే స్థితిలో ఉండడు. క్రేన్ వాడు ఎంతంటే అంత. అదే పని పొద్దున్నయితే సగానికి చేస్తారు. ఓనరుకి అసలు నష్టం క్రేన్ బిల్లు కూడా కాదు, పోయిన రోజు. సరుకు ఆలస్యం, టార్పాలిన్ పట్టా కోసి బస్తాలు లాగేవాళ్ల భయం, వెనక ఆగిపోయిన బళ్లవాళ్ల తిట్లు. పది గంటలు, ఆపైన రోడ్డు మీద వదిలేసిన బండిని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద పోలీసులు లాగించెయ్యొచ్చు, ఆ లాగుడు ఖర్చు ఓనరు నెత్తినే.

టోల్ రోడ్ల మీద ఈ గోల తక్కువ. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండో, క్రేనో వస్తుంది. అవి పెట్టడం రోడ్డు కాంట్రాక్టరు బాధ్యత, ఆ డబ్బు రోడ్డు మీద వచ్చే ఆదాయంలోంచే. అంటే అక్కడ బండి చెడిపోనివాడు కూడా సాయం ఖర్చులో భాగం మోస్తున్నాడు. మన రెండు లైన్ల ఘాట్ మీద ఆ ఏర్పాటు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే పని కాదు. ఈ తేడా మేస్త్రికి మొదటి రోజే చెప్పాను, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

లోన్ ఫారం కంటే ముందు నోట్‌బుక్

20 లక్షల క్రేన్ అనుకుందాం. 12 శాతం వడ్డీ, అయిదేళ్లు అంటే నెలకి 44,500 దగ్గర కిస్తీ. ఆపరేటరు, హెల్పరు, రాత్రి మనిషి, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ కలిపితే నెలకి లక్షకి అటూ ఇటూ. క్రేన్ కదిలినా కదలకపోయినా ఇది ఖర్చు. బోల్తాలు లేని నెలలో ఏం చేస్తావు అంటే మేస్త్రి దగ్గర జవాబు లేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్లలో తరుణ్ అనే రకం కింద వచ్చేది 10 లక్షల దాకానే. 2024లో 20 లక్షలకి పెంచిన తరుణ్ ప్లస్, అంతకుముందు తరుణ్ లోన్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకే. మనవాడికి అసలు బ్యాంకు చరిత్రే లేదు. ఇక మిగిలింది ప్రైవేటు ఫైనాన్సు, వడ్డీ ఇంకా పైన.

బ్యాంకుకి వెళ్లకముందు ఒక సీజను పాటు ప్రతి కాల్ రాయమన్నాను. ఫోన్ ఎప్పుడొచ్చింది, ఎవరు చేశారు, ఏ కిలోమీటరు రాయి దగ్గర, లోడా ఖాళీనా, డ్రైవరు చెప్పిన జబ్బేంటి, చూశాక తేలిన జబ్బేంటి, దేంతో బాగైంది, డబ్బు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు. పోగొట్టుకున్న కాల్ కూడా రాయాలి, అంటే మనం వెళ్లలేక వదిలేసినవి. మేస్త్రి విసుక్కున్నాడు, మేనల్లుడు రాశాడు. డ్రైవరు చెప్పిన జబ్బు, తేలిన జబ్బు వేరు వేరు గడుల్లో పెట్టమన్నది కావాలనే. ఫోన్‌లో విన్నదాన్ని బట్టి ఏ సామాను తీసుకెళ్లాలో తెలియాలి కదా, అక్కడే సగం ట్రిప్పులు వృథా అవుతాయి.

నోట్‌బుక్ నిండాక తేలింది ఏంటంటే, క్రేన్ తప్పనిసరి అయిన కాల్స్ చాలా తక్కువ. బోల్తా, యాక్సిల్ విరగడం, గేర్‌బాక్స్ పట్టేయడం, అంతే. మిగతావన్నీ టైర్లు, ఎయిర్ పైపులు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), హబ్ వేడెక్కి పట్టేయడం, క్లచ్ ప్లేటు, బ్యాటరీ, డీజిల్ లైన్లో గాలి. ఇంకో రకం కాల్స్ మాత్రం మేస్త్రి కూడా ఊహించలేదు. ఇంజను చప్పుడు బాగానే ఉంటుంది, బండి ఎత్తు ఎక్కదు.

ఇవి బీఎస్ 6 బళ్లు, 2020 ఏప్రిల్ నుంచి అమ్మినవి. పొగ శుభ్రం చేయడానికి డెఫ్ అనే యూరియా ద్రావణం పోస్తారు. అది అయిపోయినా, కల్తీదైనా, నాజిల్ దగ్గర తెల్లగా గడ్డ కట్టినా, సెన్సరు పోయినా బండిలోని కంప్యూటరు మొదట లైటు వేస్తుంది, తర్వాత ఇంజను బలం తగ్గించేస్తుంది. చదునులో ఎలాగో పాకుతుంది, ఘాట్‌లో నిలబడిపోతుంది. దీనికి స్పానరు పనికిరాదు, బండి కంప్యూటరులో ఉన్నది చదివే స్కానరు కావాలి. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మేస్త్రి ఆ బండి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. డిప్లొమా మేనల్లుడి విలువ మామకి తెలిసింది అప్పుడే.

క్రేన్ కాదు, వ్యాన్

మొదటి నిర్ణయం ఇది. పాత పికప్ ఒకటి, దాంట్లో కంప్రెసర్, పెద్ద జాకీలు, వెల్డింగ్ సెట్టు, ఎయిర్ పైపు ముక్కలు, జాయింట్లు, స్కానరు, మెరుపు లైటు, కోన్లు. పికప్ ఎంచుకోవడంలో సరిహద్దు లెక్క కూడా ఉంది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టం 66వ సెక్షన్లోనే ఉంది. కాస్త పెద్ద బండి తీసుకుంటే ఆంధ్రా వైపు దిగిన ప్రతిసారీ తనిఖీల్లో కథ చెప్పాలి. చెడిపోయిన బండిని లాగే వాహనానికీ అదే సెక్షన్లో మినహాయింపు ఉంది. ఇది తెలియక చాలామంది రాష్ట్రం మారగానే భయపడి డబ్బులిచ్చేస్తుంటారు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్సు మాత్రం తప్పవు.

క్రేన్ పూర్తిగా వద్దనలేదు. మన దగ్గర దొరికేవి ఎక్కువ హైడ్రా క్రేన్లు. ఫ్యాక్టరీ ఆవరణలో, చదును నేల మీద అవి బాగుంటాయి. ఘాట్‌కి ఎక్కడానికే గంటలు పడుతుంది, పైగా బరువు ముందుకి వేలాడేసుకుని వాలు మీద తిరగడం అంటే క్రేనే బోల్తా పడే పని. ఘాట్‌కి సరిపడేది లారీ మీద కట్టిన రికవరీ క్రేన్. అది ఒకాయన దగ్గర ఉంది, కానీ నెలలో చాలా రోజులు ఖాళీ. కొనడం కంటే ఆయనతో ఒప్పందం నయం అనిపించింది. ఆ ఒప్పందం కుదరడానికి మాత్రం చాలా టైం పట్టింది, అది తర్వాత చెప్తాను.

వ్యాన్ ఎలా పనికొచ్చిందో ఒక్క కాల్‌తో చూపిస్తాను. బియ్యం లోడు, దిగే బండి, హెయిర్‌పిన్ మలుపుకి కొంచెం పైన వెనక చక్రాలు పట్టేసి ఆగింది. డ్రైవరు ఫోన్‌లో "బ్రేక్ జామ్, క్రేన్ పంపండి" అన్నాడు. వెళ్లి చూస్తే ఛాసిస్‌కి రాసుకుని ఎయిర్ పైపు చిల్లు పడింది. గాలి దిగిపోతే వెనక బ్రేకు బూస్టర్లలోని స్ప్రింగు తనంతట తానే బ్రేకు వేసేస్తుంది, గాలి లేని బండి దొర్లిపోకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటే అది. దాన్ని అలాగే క్రేన్‌తో ఈడిస్తే టైర్లు చదునుగా అరిగిపోతాయి. గేర్‌బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పకుండా లాగితే ఆయిల్ అందక గేర్‌బాక్స్ కూడా పోతుంది. బూస్టరు వెనక బోల్టు తిప్పి స్ప్రింగుని వెనక్కి లాగొచ్చు, చాలామంది అదే చేస్తారు. చక్రాలకి అడ్డు పెట్టకుండా ఆ పని చేస్తే లోడు బండి లోయలోకే. కుర్రాళ్లు మొదట నాలుగు చక్రాలకి చెక్కదిమ్మలు వేసి, పైపు చిల్లు దగ్గర కోసి, జాయింట్ పెట్టి బిగించి, వ్యాన్ కంప్రెసర్‌తో ట్యాంకుల్లో గాలి నింపారు. ప్రెజరు ఎక్కగానే టప్పున స్ప్రింగు వదిలింది. క్రేన్ బాడుగ మిగిలింది, ఓనరుకి రాత్రే బండి కిందికి దిగింది.

మెకానిక్ పనిగా ఇది చాలా చిన్నది. కానీ ఆ రాత్రి బిల్లు వ్యాన్ డీజిలుకి, పైపు ముక్కకి, కుర్రాళ్ల చేతి కూలికి సరిపోయింది, అంతే. వ్యాన్ కిస్తీకి అందులో పైసా లేదు. పని బాగా చేసినకొద్దీ బిల్లు చిన్నదవుతుంటే ఈ సర్వీసు నడిచేదెలా?

బెడిసికొట్టినవి

ముందు కాల్‌కి ఇంత అని రేటు పెట్టి చూశాడు మేస్త్రి. డ్రైవరు దగ్గర డీజిలు డబ్బులు తప్ప ఉండవు. ఓనరు ఫోన్ రాత్రి స్విచ్ ఆఫ్. ఫోన్‌పే చేస్తానంటాడు, సిగ్నల్ లేదు. కిందికి దిగాక చేస్తానని వెళ్లినవాళ్లలో కొందరు చేశారు, కొందరు ఇంకా దిగుతూనే ఉన్నారు. ఈ బాకీల వల్ల రేటు పెంచాల్సి వచ్చింది, పెంచితే నిజాయితీగా ఇచ్చేవాడు పారిపోయాడు. "ఏటి గురూ, కిరాయి కన్నా నీ రిపేరుకే ఎక్కువైపోనాది" అన్నది తెలిసిన ఓనరే.

తర్వాత ఎవరో చుట్టాలబ్బాయి యాప్ చేసిపెట్టాడు. బటన్ నొక్కితే లొకేషన్ వస్తుంది, బొమ్మ కదులుతుంది, చూడ్డానికి బాగుంది. సిగ్నల్ లేని చోట బటన్ నొక్కి ఏం లాభం? పైగా ఏడాదికోసారి చెడిపోయే బండి కోసం డ్రైవరు ఫోన్‌లో యాప్ దాచుకోడు. దాని బదులు ఈ దారిలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతినే వాడాం. బండి ఆగితే డ్రైవరు ఎదురొచ్చే లారీ ఆపి కబురు పంపుతాడు. ఘాట్‌కి పైనా కిందా ఉన్న దాబాల్లో బోర్డు పెట్టి, కబురు తెచ్చినవాడు ఏం చెప్పాలో అందులో రాయించాం: బండి నంబరు, కిలోమీటరు రాయి, ఎక్కేదా దిగేదా, లోడా. దాబావాడు ఫోన్ చేస్తాడు. కాల్ తెచ్చినందుకు ఇంత అని దాబాకి స్థిరంగా ఇస్తాం, బిల్లులో శాతం ఇవ్వం. శాతం ఇస్తే చిన్న రిపేరు కూడా పెద్దదిగా చెప్పించే బేరాలు మొదలవుతాయి, ఈ లైన్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆధునికీకరణ అంటే నా లెక్కలో స్కానరు, నోట్‌బుక్, కిలోమీటరు రాయి. యాప్ వద్దని కాదు, ఆ కొండ మీదికి టవర్లు వచ్చాక చూసుకోవచ్చు.

మూడోది, డ్రైవర్లకి మెంబర్‌షిప్ కార్డులు. దాబా దగ్గర టేబులేసి అమ్మారు. డ్రైవరు నెల తిరగ్గానే వేరే లారీ ఎక్కుతాడు, కార్డు ఏ బండికో తెలీదు. ఇంకొందరు బండి ఆగిపోయాక ఫోన్ చేసి "ఇప్పుడు చేరతాం, కార్డు రాసేయండి" అన్నారు. అలా చేరనిస్తే అందరూ చెడిపోయాకే చేరతారు, ముందే కట్టినవాడు పిచ్చోడవుతాడు. మూణ్నెల్లు కాకముందే ఆపించాను.

డబ్బు కుదిరింది ఇలా

మెంబర్‌షిప్ ఆలోచన మాత్రం సరైనదే. ఇది కొత్తదీ కాదు. కార్ల ఓనర్ల సంఘాల్లో అమెరికాలో ఏఏఏ 1902లో, బ్రిటన్‌లో ఏఏ 1905లో మొదలయ్యాయి, రెండూ చందాల మీదే పెరిగాయి. బ్రిటన్ వాళ్లయితే మొదట్లో చేసింది రిపేరు కాదు, స్పీడు పట్టుకునే పోలీసులు ఎక్కడ కాచుకున్నారో మెంబర్లకి సైగ చేయడం. మన దగ్గర తేడా అల్లా చందా ఎవరి పేరు మీద ఉండాలన్నదే. అది డ్రైవరు పేరు మీద కాకుండా బండి నంబరు మీద, విడిగా కాకుండా ఓనర్ల సంఘం ద్వారా గుత్తగా ఉండాలన్నాను.

సంఘం మీటింగులో ఒక పెద్దాయన నిలదీశాడు: "నా బండి చెడిపోనప్పుడు నేనెందుకు కట్టాలి?" ఆయనకి చెప్పింది ఇదే. ఊళ్లో ఫైరింజనుని అగ్గి పడ్డ ఇంటివాడి దగ్గర వసూలు చేసి నడపరు, ఆ పూట వాడి దగ్గర ఏముంటుంది? మీరు కట్టేది రిపేరుకి కాదు, రాత్రి రెండు గంటలకి ఒక వ్యాను, ఇద్దరు మనుషులు మేలుకుని ఉన్నందుకు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు కానీ, నోట్‌బుక్ తెప్పించి తన బళ్ల నంబర్లు వెతుక్కున్నాడు. రెండు దొరికాయి. ఆ రెండు రాత్రుల ఖర్చు చూసుకున్నాక ఏమీ మాట్లాడలేదు, సంతకం మాత్రం పెట్టాడు.

లెక్క ఎలా కట్టామంటే, 300 బళ్లు, బండికి ఏడాదికి 1,500 అయితే 4.5 లక్షలు, నెలకి 37,500. వ్యాన్ కిస్తీ, ఇద్దరి జీతాలు అందులోంచి. కాల్ చార్జీ డీజిలుకి, సామానుకి, రాత్రి భత్యానికి. ఈ రెండు డబ్బుల్ని వేరు వేరు ఖాతాల్లో పెట్టించాను, ఎందుకంటే చందా వచ్చిన నెలలో చేతి నిండా డబ్బు కనిపించి మేస్త్రి ఇంటికి రేకులు మార్చేద్దామనుకున్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు, ఏడాది డబ్బు ఒకేసారి వస్తే ఎవరికైనా లాభంలాగే కనిపిస్తుంది.

కాగితం రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాం. "బండి పాడైతే ఖర్చు మేమే పెట్టుకుంటాం" అని రాయకూడదు. ముందు డబ్బు తీసుకుని నష్టం భరిస్తామంటే అది ఇన్సూరెన్స్ వ్యాపారం కిందికి వచ్చే ప్రమాదం ఉంది, 1938 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ వ్యాపారం చేయకూడదు. మేం రాసింది సేవ గురించే: ఇంతలోపు బయల్దేరతాం, ఈ పనులకి ఈ రేటు, సామాను ఖర్చు మీది. చేరిన వారం తర్వాతే అమలు. కంపెనీ వారంటీలో ఉన్న బండి అయితే చక్రాలకి అడ్డుపెట్టి, లైట్లు పెట్టి, కంపెనీ మనిషి వచ్చేదాకా కాపలా, అంతకుమించి చెయ్యి వేయం. వేస్తే రేపు వారంటీ గొడవ ఓనరుకే.

రేటు కార్డు తెలుగు, ఒడియా, హిందీల్లో వ్యాన్ తలుపు మీదే రాయించాం. పగలు, రాత్రి, లోడు, ఖాళీ. మెంబరు కానివాడికి ఎక్కువ, కానీ ఎంత ఎక్కువో అక్కడే కనిపిస్తుంది. పోలీసులు సైతం ఆ తర్వాత ఈ వ్యాన్‌కే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. బండి ఆగితే వెనక రాళ్లు, కొమ్మలు పేర్చడం మనవాళ్ల అలవాటు, బాగయ్యాక వాటిని అక్కడే వదిలి వెళ్లిపోతారు, ఆ రాళ్ల మీదికి చీకట్లో బైకులు ఎక్కేస్తాయి. వ్యాన్ కుర్రాళ్లు ఆ రాళ్లు తీసి పక్కన పడేయకుండా పని అయిందని డ్రైవరు సంతకం తీసుకోకూడదని రూలు పెట్టాం. ఎస్సై గారికి అది నచ్చింది.

ఇక క్రేన్ ఆయన. మొదట కాల్‌కి ఇంత అంటే ఒప్పుకోలేదు, అర్ధరాత్రి రేటు వదులుకోవడం ఆయనకి నష్టమే మరి. చివరికి నెలకి కనీసం ఇంత అని హామీ ఇచ్చాం, పని ఉన్నా లేకపోయినా. బదులుగా రేటు మన కార్డు ప్రకారమే. ఆ హామీ డబ్బు ఎక్కడిదంటే, ఒక ఫ్యాక్టరీకి సరుకు తోలే ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గర్నుంచి. ఆయన బళ్లు ఎక్కువ, ఆగితే ఫ్యాక్టరీ ఫైను వేస్తుంది. నెలవారీ రిటైనరు (పని ఉన్నా లేకపోయినా ఇచ్చే స్థిరమైన డబ్బు) ఇవ్వడానికి ఒప్పుకున్నాడు కానీ బిల్లు మాత్రం మూడు నెలలకీ పాస్ అయ్యేది కాదు. అప్పుడు మేస్త్రి ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చేది) ప్రతి బిల్లుకీ జత చేయించాను. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలి, కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోనివ్వని నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కాంట్రాక్టరుతో గొడవ పడక్కర్లేకపోయింది, ఆయన ఆడిటరే ఆయనకి చెప్పుకున్నాడు.

లోన్ ఆఖరికి ఇలా వచ్చింది. మొదటిసారి బ్రాంచికి వెళ్లినప్పుడు "బళ్లు ఎన్ని చెడిపోతాయో ఎవరు చెప్తారండీ, దీనికి ఆదాయం ఎలా చూపిస్తారు" అని తిప్పి పంపారు. వాళ్ల వైపు నుంచి న్యాయమైన ప్రశ్నే. రెండోసారి నోట్‌బుక్ జిరాక్సు, సంఘం చందా ఒప్పందం, కాంట్రాక్టరు రిటైనరు లెటరు పెట్టాం. ఆదాయం బళ్లు చెడిపోవడం మీద కాకుండా ఒప్పందం మీద ఉందని కనిపించింది. అడిగింది కూడా క్రేన్‌కి కాదు, వ్యాన్‌కి, స్కానరుకి, పరికరాలకి, అది తరుణ్ పరిమితిలోనే సరిపోయింది. హామీ ఆస్తి అడగలేదు. మొత్తం టర్నోవరు ఏడాదికి 20 లక్షల లోపు ఉన్నంతకాలం జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి చందా మీద 18 శాతం అదనపు భారం కూడా ఇప్పటికి లేదు. టర్నోవరు పెరిగితే అది వస్తుంది, రేటు అప్పటికి సిద్ధం చేసి పెట్టుకోమన్నాను.

మనుషులకి దెబ్బ తగిలితే

ఇది డబ్బు విషయం కాదు కానీ రాయకపోతే కేసు సగమే. వ్యాన్ వెళ్లేసరికి ఎవరికైనా గాయాలుంటే బండి సంగతి తర్వాత. ముందు 108, 112. సరిహద్దులో ఏ టవర్ తగిలితే ఆ రాష్ట్రం కంట్రోల్ రూమ్‌కి కాల్ పోతుంది, అవతలి వాళ్లు "అది మాది కాదు" అనే లోపు టైం పోతుంది. అందుకని రెండు వైపులా దగ్గర ఆసుపత్రుల, స్టేషన్ల నంబర్లు వ్యాన్ డ్యాష్‌బోర్డు మీద అతికించి ఉంటాయి. కుర్రాళ్లకి కేసుల భయం ఉండేది. సాయం చేసినవాడిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ సెక్షన్ వచ్చిందని, 2025 నుంచి ప్రమాద బాధితులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం ఉందని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. "డబ్బు కట్టమంటారని ఆసుపత్రికి తీసుకెళ్లడం మానేసేవాళ్లం" అన్నాడు ఒకడు.

ఇప్పుడు

కార్ల పని కూడా కొంచెం వస్తోంది, చలికాలంలో దేవ్‌మాలి కొండ, అరకు వైపు తిరిగేవాళ్లవి. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కాల్స్ పంచే మధ్యవర్తులు రేటు తక్కువ ఇస్తారు, డబ్బు ఆలస్యం. వ్యాన్ ఖాళీగా ఉంటేనే తీసుకోమన్నాను, మెంబరు లారీని ఆపి కారుకి వెళ్లొద్దని.

మేస్త్రికి క్రేన్ కోరిక చావలేదు. తరుణ్ లోన్ సక్రమంగా తీరితే తరుణ్ ప్లస్ దారి తెరుచుకుంటుంది, ఆ సంగతి ఆయనకి బాగానే గుర్తుంది. నాకు అడ్డం కనిపిస్తున్నది వేరే. రాయ్‌పూర్ నుంచి విశాఖకి దాదాపు 465 కిలోమీటర్ల ఆరు లైన్ల కొత్త రోడ్డు కొరాపుట్ జిల్లా మీదుగానే కడుతున్నారు. అది పూర్తిగా తెరుచుకుంటే దూరపు లోడ్లలో చాలావరకు పాత ఘాట్ వదిలి అటు పోతాయి, చందా కట్టే బళ్లూ తగ్గుతాయి. అందుకే వ్యాన్ లోన్‌నే మూడేళ్లకి మించకుండా పెట్టించాను, క్రేన్‌కి అయిదేళ్ల కిస్తీ అంటే ఒప్పుకోవడం లేదు. కొత్త రోడ్డు మీద క్రేను, పెట్రోలింగు కాంట్రాక్టరే పెట్టాలి, ఆ పని ఎవరో ఒకరికి సబ్ కాంట్రాక్టుకి ఇస్తాడు. దానికి కావాల్సింది నోట్‌బుక్, రేటు కార్డు, టైముకి వెళ్లిన రికార్డు. మేనల్లుడు ఇప్పుడు ఆ లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు. క్రేన్ ఎప్పుడని మేస్త్రి అడిగినప్పుడల్లా, ఆ సబ్ కాంట్రాక్టు కాగితం తెచ్చి చూపించు, మర్నాడే బ్యాంకుకి పోదాం అంటున్నాను.